మామయ్య బరిలోకి దిగిన దసరా

మా పై వాటాలో ఉండే అమ్మాయి మొన్న సాయంత్రం ఐసుముక్కల కోసం మా ఇంటికి వచ్చింది. ఇంటర్ చదువుతోంది. కుడిచెయ్యి వాచి ఉంది. ఏమైందమ్మా అంటే, "బాక్సింగ్ నేర్చుకుంటున్నా ఆంటీ. బ్యాగు మీద కొడుతుంటే బొటనవేలు బెణికింది" అంది. ఎలా కొట్టావో చూపించమన్నాను. బొటనవేలు లోపల పెట్టి, దాని మీద నాలుగు వేళ్ళూ మూసి పిడికిలి బిగించింది.

"అలా పడితే ఇవాళ బెణికింది, రేపు విరుగుతుంది. బొటనవేలు బయట ఉండాలి, ఇలా ఈ రెండు వేళ్ళ మీద అడ్డంగా. తగలాల్సింది ఈ రెండు కణుపులు. మణికట్టు వంచకు" అని సరిచేశాను.

ఆ పిల్ల నా తెల్లజుట్టు వంకా నా పిడికిలి వంకా మార్చి మార్చి చూసి, "మీకెలా తెలుసు ఆంటీ?" అంది.

మా మామయ్య నేర్పాడని చెప్పి పంపించాను. మిగతాది చెప్పలేదు. పదహారేళ్ళ పిల్లతో చెప్పే సంగతి కాదనిపించింది. అది జరిగినప్పుడు నాకు పదమూడేళ్ళేనన్న మాట తర్వాత గుర్తొచ్చింది.

అప్పుడు మేముండే పటమట వేరు. బందరు రోడ్డు దిగి నాలుగు సందులు దాటితే వరిచేలు వచ్చేసేవి. మా ఇంటికి ఒక పక్క కాలవ, ఇంకో పక్క లారీల షెడ్లు. గాలి కాలవ వైపు నుంచి వీస్తే తూటికాడల వాసన, నానిన మట్టి వాసన. షెడ్ల వైపు నుంచి వీస్తే డీజిలు, కొత్త రంగు, రంపంపొట్టు వాసన. నాన్న ఒంటిమీద ఎప్పుడూ ఆ రంపంపొట్టు వాసనే. ఆయన లారీలకు చెక్క బాడీలు కట్టే వడ్రంగి. షెడ్డు యజమానిని అందరూ లారీలాయన అనేవాళ్ళు. పెళ్ళి కాకముందు నుంచీ నాన్న ఆయన దగ్గరే పని.

అన్నయ్య నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఆదివారం చర్చిలో హార్మోనియం ముందు కూర్చుని పాట ఎత్తుకుంటే, వెనక వరసలో కునికిపాట్లు పడే ముసలమ్మలు కూడా తలలెత్తేవాళ్ళు. మనిషి మెతక. అన్నంలో చీమ కనబడితే దాన్ని వేలి మీదికి ఎక్కించుకుని గుమ్మం దాకా వెళ్ళి వదిలి వచ్చే రకం. ఆ వేసవికి రైల్వే ఉద్యోగానికి రాతపరీక్ష పాసయ్యాడు. ఇక డాక్టరు పరీక్ష ఒక్కటే మిగిలింది. అమ్మ అప్పుడే చుట్టుపక్కల అందరికీ చెప్పేసింది. మా రెండు వైపులా కలిపి పరీక్ష రాసి గవర్నమెంటు ఉద్యోగంలోకి వెళ్ళబోయే మొదటివాడు అన్నయ్యే.

లారీలాయనకు ఒక కొడుకు. ఇన్నేళ్ళయినా అతను, ఆయన అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, వాడు అనే రాస్తాను. కాలేజీలో వాడు బాక్సింగు ఛాంపియను. మద్రాసు నుంచి తెప్పించిన ఎర్ర గ్లవ్సు మోటారుసైకిలు హ్యాండిలుకి వేలాడేసుకుని బందరు రోడ్డంతా తిరిగేవాడు. షెడ్డు వెనక ఖాళీ జాగాలో నాలుగు సరుగుడు బాదులు పాతి, చుట్టూ లారీ మోకులు కట్టి, దాన్ని రింగు అనేవాడు. షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళను ఒక్కొక్కణ్ణీ అందులోకి పిలిచి ప్రాక్టీసు చేసేవాడు. ప్రాక్టీసు వాడిది, దెబ్బలు వాళ్ళవి. జీతం ఇచ్చేవాళ్ళబ్బాయి కాబట్టి ఎవరూ కాదనేవాళ్ళు కాదు.

ఆ మధ్యాహ్నం అన్నయ్యా నేనూ నాన్నకు క్యారేజీ తీసుకెళ్ళాం. మజ్జిగ చెంబు నా చేతిలో ఉంది. లారీలాయన మడతకుర్చీలో కూర్చుని వక్కపొడి నములుతున్నాడు. కొడుకు రింగులో నిలబడి గ్లవ్సు తొడుక్కుంటున్నాడు.

"ఏరా పాటగాడా, ఒక్క రౌండు రారా" అన్నాడు.

"నాకు రాదండీ" అన్నాడు అన్నయ్య.

"వస్తే నేను నేర్పడమెందుకురా? రా."

ఎవరో అన్నయ్య చేతిలో క్యారేజీ లాక్కున్నారు. ఇంకెవరో గ్లవ్సు తొడిగి తాళ్ళ కింది నుంచి లోపలికి తోశారు. నాన్న అప్పుడు ఒక దుంగను చెక్కుతున్నాడు. చేతిలో బాడిశ ఉంది. తలెత్తి చూశాడు.

మొదటి రెండు దెబ్బలకూ అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వబోయాడు. మూడోది ముక్కు మీద పడింది. ఆ తర్వాత నవ్వింది లారీలాయన ఒక్కడే. అన్నయ్య చేతులు దించేసి, "చాలండీ, నా వల్ల కాదు" అని పక్కకు తిరిగాడు. తిరిగిన ఆ చెవి మీద పడింది ఆఖరి దెబ్బ. చాలని చెప్పిన తర్వాత పడిన దెబ్బ అది. నేను చూశాను. అక్కడున్న అందరూ చూశారు.

అన్నయ్య మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చెవిలోంచి సన్నగా రక్తం మెడ మీదికి కారింది.

"ఆటన్నాక తగలవా ఏంటి?" అన్నాడు వాడు.

లారీలాయన కుర్చీలోంచి లేవకుండానే, "ఎవర్రా అక్కడ, కుర్రాడికి సోడా తాగించండి" అన్నాడు.

గోళీసోడా తెచ్చారు. ఇంతపని జరిగితే ఆ పెద్దమనిషి చేసింది అదీ. నాన్న వచ్చి అన్నయ్యను లేవదీశాడు. నా చేతిలో మజ్జిగ ఎప్పుడు ఒలికిపోయిందో నాకు తెలియదు.

చెవిలో పొర చిరిగిందన్నాడు గవర్నర్‌పేట డాక్టరు. మానుతుందేమోనని చూశాం. చీము పట్టింది. నెలన్నర తర్వాత రైల్వే వాళ్ళ డాక్టరు పరీక్షలో వెనక నిలబడి గుసగుసగా చెప్పిన అంకెలు అన్నయ్యకు ఎడమవైపు వినబడలేదట. ఇంటికి వచ్చి, తీసుకెళ్ళిన కాగితాలు మళ్ళీ ట్రంకుపెట్టెలో పెట్టేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. హార్మోనియం దగ్గరికి వెళ్ళడం మానేశాడు. పాట ఎత్తుకుంటే తన గొంతు తనకే ఇంకెవరిదో లాగా వినిపిస్తోందన్నాడు.

అమ్మ ఏడ్చి ఏడ్చి, "దేవుడు చూసుకుంటాడులే" అంది.

"ఎప్పుడు చూసుకుంటాడు?" అన్నాను.

"నోరు ముయ్యవే. ఆయనకి మనమొక్కళ్ళమేనా?" అంది.

చర్చిలో పాస్టరుగారు పగవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యమన్నారు. నేను చేశాను. వాడి మోటారుసైకిలు లారీ కింద పడాలని చేశాను. దేవుడు ఆ వారం కూడా ఖాళీగా లేడు. చివరికి అమ్మ బొమ్మిడాయి చేపలు బాగుచేసి పారెయ్యమన్న పేగులూ తలకాయలూ బాదం ఆకులో చుట్టి, షెడ్డు బయట నిలిపి ఉన్న వాడి మోటారుసైకిలు పక్కసంచీలో అడుగున కుక్కి వచ్చాను. ఎండాకాలం. మూడు రోజులు వాడు ఎటు వెళితే అటు ఈగలు వెళ్ళాయి. కాలవగట్టు మీద కూర్చుని చూసి నవ్వుకున్నాను. నాలుగో రోజుకి సంచీ మార్చేశాడు. నా కడుపు మంట మాత్రం అలాగే ఉంది.

అప్పుడు నా కళ్ళు మామయ్య మీద పడ్డాయి.

మామయ్య అంటే అమ్మ తమ్ముడు. మిలిటరీలో పదిహేనేళ్ళు చేసి వచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు. బస్సు డిపోలో టైర్ల దగ్గర పని. మా వసారాలో నులకమంచం ఆయనది. నలభై దాటాయి, పొట్ట వచ్చింది, ముందుపళ్ళు రెండు లేవు, ఎడమ మోకాలు మెట్లు దిగేటప్పుడు టక్కుమనేది. మిలిటరీలో ఉన్నన్నాళ్ళూ ఆయన బాక్సరు. అక్కడి క్యాంటీనులో పాత ఇంగ్లీషు పత్రికలు ఉండేవట. వాటిల్లో చదివిన ఛాంపియన్ల కథలు మాకు అన్నాల దగ్గర చెప్పేవాడు. ఎప్పుడూ గెలిచేవాళ్ళ కథలు ఆయనకు నచ్చేవి కావు. ఎవరూ అనుకోనివాడు ప్రపంచ ఛాంపియను అయితే, ఆ కథే ఆయన కథ.

"ఒకడుండేవాడే, రేవులో మూటలు మోసేవాడు. మొదట ఆడిన నాలుగాటలూ ఓడిపోయాడు. పేపరోళ్ళు వాణ్ణి నేల చూసేవాడు అని రాసేవాళ్ళు, ఎప్పుడూ కిందే ఉంటాడని" అని ముక్కలో ముల్లు తీస్తూ మొదలుపెట్టేవాడు. ఇంకొకడు ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, ఆట మానేసి ఇంట్లో కూర్చున్నవాడు. పెద్ద ఛాంపియనుతో ఆడాల్సిన కుర్రాడికి జ్వరం వస్తే, టిక్కెట్లు అమ్మేశాం కదా, ఎవడో ఒకడు నిలబడాలి కదా అని ఇతన్ని పిలిచారట. వెళ్ళి గెలిచి వచ్చాడట. నాకు అన్నిటికంటే ఇష్టమైనది మూడో అతని కథ. అతను ఒక ఛాంపియను దగ్గర కూలికి దెబ్బలు తినేవాడు. ఛాంపియను ప్రాక్టీసు చెయ్యడానికి ఎదురుగా నిలబడాలి, అదీ ఉద్యోగం. ఐదేళ్ళు తిన్నాడు. ఆరో ఏడు ఆ ఛాంపియనునే పడగొట్టి, గెలిచినవాడికిచ్చే పట్టీ తన నడుముకు కట్టుకున్నాడు.

"ఎలా గెలిచాడు మామయ్యా?"

"కొట్టేవాడికి తన చెయ్యి ఒక్కటే తెలుసు. తినేవాడికి కొట్టేవాడి ఒళ్ళంతా తెలుస్తుంది."

ఆ ఛాంపియన్ల పేర్లు మామయ్య నోట్లో ఎలా నలిగాయో, ఆ కథల్లో ఎంత నిజమో, ఎంత ఆయన కలిపిందో నాకిప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం ప్రతి అక్షరం నమ్మాను. అందుకే ఒకరోజు అడిగేశాను.

"మామయ్యా, వాణ్ణి నువ్వు కొట్టు."

"ఎవర్నే?"

"నీకు తెలుసు ఎవర్నో."

ఆయన చుట్ట ఆర్పేసి నా వంక చూశాడు. "వాడికి ఇరవై రెండే. నాకు అందులో పొట్టకే ఇరవై ఉంటాయి. ఊరుకో."

"మరి ముప్పై ఎనిమిదేళ్ళాయన గెలవలేదా? నేల చూసేవాడు గెలవలేదా?"

"అవి ఎక్కడివో కథలే పిచ్చిదానా."

"అబద్ధాలా?"

"అబద్ధాలు కాదు గానీ..."

"అబద్ధాలు కాకపోతే నువ్వు కొట్టు. అబద్ధాలైతే ఇంకెప్పుడూ మాకు చెప్పకు."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ వదల్లేదు. ఆ వారంలోనే పేపర్లో ఆటల పేజీలో ఒక మూల నాలుగు వరసల వార్త పడింది. ఎక్కడో దేశంలో ఎవరికీ తెలియని బాక్సరు ఒకడు ప్రపంచ ఛాంపియనును ఓడించాడని. దాన్ని కత్తిరించి, అన్నం మెతుకులతో ఆయన గడ్డం గీసుకునే అద్దం మీద అంటించాను, సరిగ్గా మొహం కనబడే చోట. పొద్దున్నే ఆయన ఒక చేత్తో సబ్బు నురగ, ఇంకో చేత్తో కత్తి పట్టుకుని అది చదివాడు. మళ్ళీ చదివాడు. కాగితం చింపకుండా పక్కకు జరిగి, మిగిలిన అద్దం ముక్కలో గడ్డం గీసుకున్నాడు.

మర్నాడు తెల్లవారకముందే నన్ను లేపాడు. "పొట్ట తగ్గించుకుందామని. అంతే. ఇంకేం ఊహించుకోకు" అన్నాడు.

కాలవగట్టు మీద పరిగెత్తేవాడు. నేను వెనక సైకిలు తొక్కేదాన్ని. మోకాలు టక్కుటక్కుమనేది. తర్వాత ఊక కూరిన పాత దిండు నా గుండెకు అడ్డంగా పట్టుకుంటే దాన్ని కొట్టేవాడు. మెల్లగా కొట్టినా నేను నాలుగడుగులు వెనక్కి పోయేదాన్ని. ఎటు కదలాలో తెలియాలి కదా అని నాకూ పిడికిలి పట్టడం, అడుగు వెయ్యడం నేర్పాడు. ఆ రోజుల్లో కాలవ మీద మంచులాగా పొగ లేస్తూ ఉండేది. ఇంటికి రాగానే ఆయనకు నానేసిన శనగలు, మూడు పచ్చిగుడ్లు. గుడ్లు నేనే గంప కింద నుంచి దొంగిలించేదాన్ని. "కోళ్ళకి ఏ మాయరోగమొచ్చిందో" అని అమ్మ వాటికి పసుపు నీళ్ళు పట్టింది.

మేం చేస్తున్నది అన్నయ్య కనిపెట్టాడు. ఒకరోజు మామయ్య బావి దగ్గర స్నానం చేస్తుంటే వచ్చి, వినిపించే చెవి ఇటు తిప్పి నిలబడి, "మామయ్యా, వాడు కుడిచెయ్యి గట్టిగా విసిరే ముందు కింది పెదవి కొరుకుతాడు" అన్నాడు.

మామయ్య చెంబు అలాగే పట్టుకుని, "ప్రతిసారీనా?" అన్నాడు.

"నాకు తగిలిన ప్రతిసారీ."

అంతే చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. నెలల తర్వాత ఆ రోజే అన్నయ్య కళ్ళల్లో నాకు నాలాంటి మనిషి కనిపించాడు.

దసరాకి షెడ్లల్లో ఆయుధపూజ. లారీలన్నిటికీ బంతిపూల దండలు, పనిముట్లకు కుంకుమ, మైకుసెట్టు, పులిహోర. ఆ ఏడు లారీలాయన తన కొడుకు చేత బాక్సింగు ఆడిస్తున్నాడని ఊరంతా చెప్పుకున్నారు. గుంటూరు నుంచి ఒక బాక్సరు వస్తున్నాడట. "ఆ గుంటూరువాడి తర్వాత ఇంకెవరైనా వస్తారా అని అడుగుతారు. లారీలాయన కొడుకు ఎప్పుడూ అడుగుతాడు. అప్పుడు వెళతాను" అన్నాడు మామయ్య.

పూజ ముందురోజు అమ్మ పెరట్లో చేపలు తోముతూ నన్ను పిలిచింది.

"మీ మామయ్యకి ఈ పొద్దున్నే పరుగులేంటే?"

"పొట్ట తగ్గడానికంట."

"పొట్టకైతే సరే. మళ్ళీ ఆ కొట్టుకునే ఆటలోకి వెళితే మాత్రం నాతో చెప్పు. వాడు మిలిటరీ నుంచి ఊరికే వచ్చాడనుకుంటున్నావా? తలకి దెబ్బ తగిలి రెండు రోజులు స్పృహ లేదు. ఇంకోసారి గట్టిగా తగిలితే మనిషి మనిషిగా మిగలడని డాక్టర్లు రాసిచ్చారు. ఎవరితోనూ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు."

చేప పొలుసులు నా కాళ్ళ మీద చిట్లుతున్నాయి. చెప్పాలి. రేపు వెళుతున్నాడమ్మా అని ఒక్క మాట చెబితే చాలు. నేను చెప్పలేదు. "సరేనమ్మా" అని నీళ్ళు తోడి పోశాను.

ఆ మర్నాడు గుంటూరు బాక్సరు రానేలేదు. బస్సు తప్పిందన్నారు, భయపడ్డాడన్నారు. జనం గోల మొదలుపెట్టారు. లారీలాయన మనిషి మైకు అందుకుని, "ధైర్యం ఉన్నవాళ్ళు ఎవరైనా రావచ్చు! మూడు రౌండ్లు! మన చినబాబుగారి ముందు నిలబడే మొగాడు ఎవరైనా ఉన్నాడా?" అన్నాడు.

మామయ్య చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టి ఆగాడు. నా వంక చూశాడు. ఆ చూపులో ఒక ప్రశ్న ఉంది. వద్దంటే ఆగిపోయేలా ఉన్నాడు. నేను తల ఊపాను. వద్దని కాదు, వెళ్ళమని.

ఖాకీ నిక్కరుతో, పొట్టతో ఆయన తాళ్ళ మధ్య నుంచి దూరుతుంటే జనం విరగబడి నవ్వారు.

"తాతా, ముందు పళ్ళు కట్టించుకుని రావయ్యా" అన్నాడు వాడు.

నీళ్ళ చెంబు, తువ్వాలు పట్టుకుని నేను మూలకు వెళితే ఇంకా నవ్వారు. "ఆడపిల్లనేసుకొచ్చాడ్రోయ్" అన్నారు. "నాకు నీళ్ళిచ్చేది నా కోడలే" అన్నాడు మామయ్య. డ్రిల్లు మాస్టారు ఒకాయన మధ్యలో నిలబడ్డాడు. వేలాడదీసిన పాత చక్రం రిమ్ము మీద పానాతో టంగుమని కొట్టారు. అదే గంట.

మొదటి రౌండంతా మామయ్య దెబ్బలు తిన్నాడు. చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని, వాడి చుట్టూ తిరుగుతూ, వాడి మొహమే చూస్తూ. నవ్వులు ఆగలేదు. రెండో రౌండులో ఒకటి కణత మీద పడింది. మామయ్య తాళ్ళ మీదికి తూలాడు. జనంలో నాన్న కనిపించాడు. పనివాళ్ళ మధ్య, మొహం తెల్లబోయి.

గంట కొట్టాక మామయ్య వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మొహం తుడుస్తుంటే నన్ను చూసి, "నీ పక్కన ఇంకొకత్తి ఎవరే?" అన్నాడు.

నా పక్కన ఎవరూ లేరు.

నాకు అర్థమైంది. పదమూడేళ్ళదాన్నే అయినా అర్థమైంది. తువ్వాలు రింగులో పడేస్తే ఆట ఆగిపోతుందని ఆయనే నాకు చెప్పి ఉన్నాడు. తువ్వాలు నా చేతిలోనే ఉంది.

"ఎవరూ లేరు మామయ్యా. నీళ్ళు పుక్కిలించు. వాడు పెదవి కొరుకుతున్నాడా?" అన్నాను.

"కొరుకుతున్నాడే. ప్రతిసారీ" అని పళ్ళు లేని నోటితో నవ్వి లేచాడు.

మూడో రౌండులో వాడు ఆడుకోవడం మొదలుపెట్టాడు. చేతులు దించి, జనం వైపు తిరిగి కన్ను కొట్టాడు. తర్వాత ముగించేద్దామని ముందుకు వచ్చాడు. కింది పెదవి పళ్ళ కిందికి పోవడం నాకు మూలలో నుంచే కనబడింది. "మామయ్యా!" అని అరిచాను. అరవకముందే మామయ్య వంగాడు. వాడి కుడిచెయ్యి గాలిలోకి పోయింది. ఆ చెయ్యి కింద, పక్కటెముకల అంచున, మామయ్య ఎడమ పిడికిలి దిగింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. తడిసిన బస్తా మీద కర్రతో కొట్టినట్టు.

ఒక క్షణం వాడు నిలబడే ఉన్నాడు. ఏమీ కాలేదనుకున్నాను. తర్వాత వాడి మొహం రంగు మారింది. మోకాళ్ళ మీదికి వచ్చాడు. నుదురు నేలకు ఆనించి, పొద్దున తిన్న పులిహోర అంతా కక్కాడు. డ్రిల్లు మాస్టారు పది దాకా లెక్కపెట్టాడు. ఆ మైదానంలో ఆయన గొంతు ఒక్కటే వినిపించింది. పదికి కూడా వాడు లేవలేదు.

అరుపులు ఎప్పుడు మొదలయ్యాయో నేను వినలేదు. నేను సోడాబండి దగ్గరికి పరిగెత్తాను. గోళీ లోపలికి నొక్కితే కీచుమంది. సీసా తీసుకుని, తాళ్ళ కింది నుంచి దూరి, వాడి మొహం ముందు మట్టిలో పెట్టాను. లారీలాయన వైపు తిరిగి, ఆయన గొంతు ఎలా ఉంటుందో అలాగే, "కుర్రాడికి సోడా తాగించండి" అన్నాను.

నా జీవితంలో పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఉద్యోగం వచ్చింది. అంత సంతోషం మళ్ళీ నాకు తెలియదు.

మర్నాటి నుంచి పనిలోకి రావద్దని ఆ సాయంత్రమే నాన్నకు కబురొచ్చింది. ఆయన షెడ్డుకు వెళ్ళి తన పనిముట్ల సంచీ మోసుకొచ్చి గుమ్మంలో దింపాడు. అమ్మ నన్నూ మామయ్యనూ కలిపి తిడుతోంది, మధ్యలో మామయ్య కణతకు ఉప్పు కాపడం పెడుతోంది. నాన్న తిట్టలేదు. అన్నం ముందు కూర్చుని, "వాడు బిడ్డను కొట్టిన రోజు నా చేతిలో బాడిశ ఉంది. నేను లేవలేదు" అన్నాడు. అన్నయ్య ఆయన పక్కకు జరిగి కూర్చున్నాడు.

నాన్న తర్వాత గన్నవరం వెళ్ళే దారిలో ఒక మంచాల కొట్టులో చేరాడు. అన్నయ్య ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనిలో కుదిరి, కొన్నేళ్ళకు మళ్ళీ హార్మోనియం ముట్టుకున్నాడు. తల కుడివైపు వంచి పాడేవాడు. షెడ్డు వెనక తాళ్ళు తీసేశారు. వాడు బాక్సింగు మానేశాడని విన్నాను. చాలా ఏళ్ళకు ఒకసారి బస్టాండులో ఎదురై, ఎవరనుకున్నాడో, "నమస్కారమండీ" అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను.

మామయ్య ఎడమచెయ్యి క్రిస్మసుకల్లా వణకడం మొదలుపెట్టింది. ముందు టీ గ్లాసు పట్టుకున్నప్పుడే. తర్వాత ఏడాదికి బస్సు డిపో పని మానేశాడు. మాటలు మరిచిపోయేవాడు. చెంచాను "అదే, ఆ తినేది" అనేవాడు. ఒకసారి కాలవగట్టు మీద దారి తప్పి నిలబడిపోతే, ఎవరో ఇంటికి తీసుకొచ్చి అప్పగించారు. ఎనిమిదేళ్ళు అలా బతికాడు. అన్నం నేనే కలిపి పెట్టేదాన్ని. నా చేతి ముద్ద అయితేనే తినేవాడు. నాకు పెళ్ళి సంబంధాలు వస్తే, మామయ్యను చూసుకునేవాళ్ళు ఉండాలని నేనే రెండు వెనక్కి పంపించాను. అది ప్రేమ అని అందరూ అనుకున్నారు. ప్రేమ కూడా.

ఆయన పోయే ఏడాది ఒక మధ్యాహ్నం ఆయనకు తెలివి బాగా వచ్చింది. అప్పుడప్పుడు అలా వచ్చేది. నేను కూరలో ముల్లు తీసి పెడుతున్నాను.

"ఆ రోజు నువ్వు వద్దని తల ఊపి ఉంటే నేను దిగేవాణ్ణి కాదే" అన్నాడు ఉన్నట్టుండి.

"తెలుసు మామయ్యా."

"నా తల సంగతి మీ అమ్మ నీకు చెప్పేసిందని కూడా నాకు తెలుసు. మా అక్క నోట్లో ఏ మాటా ఆగదు."

"తెలిసే ఊపాను మామయ్యా" అన్నాను. ఎనిమిదేళ్ళుగా గొంతులో ఉన్న మాట అది. "తువ్వాలు కూడా నా చేతిలోనే ఉంది. వెయ్యలేదు."

"ఎందుకే?"

"వాడు పడటం చూడాలనిపించింది."

మామయ్య వణికే చేత్తో నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నాక్కూడా" అన్నాడు.

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు, నోరు తెరిచి ముద్ద కోసం చూశాడు.

మామయ్యను మా చర్చి వెనకాలే పూడ్చారు. ఆదివారం మోకరించిన ప్రతిసారీ ఆయన విషయంలో నన్ను క్షమించమని అడుగుతాను. ఒక్కో వారం క్షమించినట్టే ఉంటుంది, ఒక్కో వారం ఉండదు. లారీలాయన కొడుకును నేను క్షమించానని మాత్రం ఇంతవరకూ దేవుడితో అబద్ధం చెప్పలేదు.